తెరచాప కనిపించేదాకా బడి

పెద్ద మాస్టారు పోయారన్న సంగతి నాకు రాజాం సంతలో, ఎండుచేపల వరసలో తెలిసింది. సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి అమ్మే ముసలామె ఒకామె ఉంది. నేను ఆ ఊరి బడిలో పనిచేసిన రోజుల నుంచీ నన్ను ఎరుగును. చేపలు ఏరుతున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపింది.

"సిన్న మేస్టారూ, మీకు కబురు అందనేదేటి? పెద్ద మేస్టారు పోనారు బాబూ. మొన్న మంగలారం. అరుగు మీద కూకున్నోరు కూకున్నట్టే ఒరిగిపోనారు."

నేను ఏదో అడిగాను. ఏం అడిగానో గుర్తులేదు. ఆమె జవాబు చెప్పింది, అదీ గుర్తులేదు. చుట్టూ బేరాలు సాగుతూనే ఉన్నాయి. సంచీ అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

పోయినవాళ్లందరూ మంచివాళ్లయిపోవడం మన దగ్గర ఒక ఆనవాయితీ. బతికుండగా ఒక్క మంచి మాట అనని నోళ్లు కూడా పాడె లేచేసరికి మెత్తబడతాయి. నేను ఆయన మంచివాడని చెప్పడానికి కూర్చోలేదు. ఆయన మంచివాడే, అది వేరే సంగతి. ఆయనకేం జరిగిందో, ఆయన్ను ఏం చేశారో అది చెప్పాలి. నాకు కోపం ఎక్కువని నన్నెరిగినవాళ్లు అంటారు. నిజమే. ఇది రాస్తున్నప్పుడూ అది తగ్గలేదు, చదివేవాళ్లు సర్దుకోవాలి.

నరసన్నపేట నుంచి తూర్పుకి బండి కట్టుకుని పోతే, గెడ్డ అనే చిన్న ఏరు దాటాక, ఇసకలో చక్రాలు దిగబడే చోట ఆ ఊరు మొదలవుతుంది. ముందు పేట వస్తుంది. కోమట్ల కొట్లూ, రైతుల ఇళ్లూ అందులో ఉంటాయి. పేట దాటితే సముద్రం ఒడ్డున జాలర్ల పాకలు, అదే జాలారిపేట. బడి ఆ రెంటికీ మధ్య, ఎవరిదీ కానట్టు ఉండేది. రెండు గదుల పెంకుటిల్లు, ఐదో తరగతి దాకా చదువు. ఆయన హెడ్మాస్టరు, నేను అసిస్టెంటుని. అంచేత ఆయన పెద్ద మాస్టారు, నేను చిన్న మాస్టారు. ఊళ్లో ఎవరికీ మా పేర్లతో పని పడలేదు.

ఆయనది నరసన్నపేటలో బట్టల కొట్టున్న ఇల్లు. అన్నలందరూ వయసు రాగానే వరసగా కొట్టు గద్దె ఎక్కారు. ఈయన వంతు వచ్చేసరికి ఇంట్లో చెప్పకుండా ట్రైనింగు స్కూల్లో చేరిపోయారు. వాళ్ల నాన్న చాలాకాలం గుమ్మం తొక్కనివ్వలేదట. "గద్దె మీద కూకుంటే కాళ్లు తిమ్మిరెక్కీవోయ్. మా అన్నలకీ ఎక్కీవి. ఆళ్లు సెప్పుకోనేదు, నాను సెప్పుకున్నాను. అంతకంటి తేడా నేదు" అనేవారు. చదువుకున్న మనిషే, కావాలంటే పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడగలరు. కానీ మనసు బాగున్నప్పుడు ఆయన నోట ఇంటి భాషే వచ్చేది.

మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, చంకలో మూసిన గొడుగు. ఆ గొడుగు ఎండకీ వానకీ విప్పగా నేను చూడలేదు. తడి ఇసకలో అక్షరాలు రాయడానికి దాని మొన బాగా పనికొచ్చేది. చిన్నపిల్లల్ని ఒడ్డున కూర్చోబెట్టి 'అ' నుంచి బండి 'ఱ' దాకా గొడుగుతోనే నేర్పారు. అల వచ్చి అక్షరాలు చెరిపేస్తే పిల్లలు గొల్లుమనేవాళ్లు. "పలక తుడిసే పని సముద్రం సూసుకుంటాది, మళ్లీ రాయండి" అనేవారు ఆయన.

చేప ముట్టని ఇంట పుట్టినవాడు చేపల ఊళ్లో బతకడం తమాషా కాదు. మొదటి నెలల్లో ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకోకుండా జాలారిపేటలో అడుగు పెట్టేవారు కాదట. నేను చేరేనాటికి ఆ తువ్వాలు భుజం మీదకి వచ్చేసింది. ఏ చేప ఏ నెలలో పడుతుందో, దేనికి ఉప్పు ఎంత పట్టాలో చెప్పేవారు, తినడం ఒక్కటే తక్కువ. వలలు ఆరేసుకునే ఆడవాళ్లు ఆయన్ను ఊరికే పోనిచ్చేవాళ్లు కాదు. "ఒక్క ముక్క తినండి మేస్టారూ, సదువు ఇంకా బాగా సెప్తారు" అనేవాళ్లు. "తింటే మా ఆడది గుమ్మంలోనే ఆపేస్తాది, మీ పాకలో సోటిస్తారా మరి" అనేవారు ఈయన. వాళ్లు నవ్వి నవ్వి వలలు వదిలేసేవాళ్లు.

ఇంత చెప్పానని ఆయన మొదటి నుంచీ ఇలాంటివారే అనుకోకండి. నేను చేరిన ఏడు ఆయన చేతిలో గొడుగుతో పాటు బెత్తం ఉండేది. పదింటికి గంట కొట్టాలి, గంట కొట్టాక వచ్చినవాడికి దెబ్బ పడాలి. ట్రైనింగులో అదే నేర్పారు, ఆయన అదే చేశారు. పేట పిల్లలు గంటకి ముందే వచ్చేవాళ్లు. జాలరి పిల్లలు ఆలస్యంగా వచ్చి, వరసగా చేతులు చాచి, దెబ్బలు తిని, బుద్ధిగా కూర్చునేవాళ్లు. మధ్యలో ఎవరో ఒకరు కిటికీలోంచి సముద్రం వైపు చూసి కూత వేసేవాడు. అంతే, గుమ్మం నుంచి కొందరు, కిటికీ నుంచి కొందరు, రెప్పపాటులో గది సగం ఖాళీ అయ్యేది.

ఒకరోజు ఆయనకి పిచ్చి కోపం వచ్చి బెత్తం పట్టుకుని వాళ్ల వెంట పడ్డారు. ఏం కొంప ముంచుతారోనని వెనకే నేనూ పరిగెత్తాను. ఒడ్డుకి వెళ్లేసరికి తెప్పలు వచ్చేస్తున్నాయి. ఆ రోజు అలలు పెద్దవి. మగవాళ్లు తెప్పల మీద ఉన్నారు, ఆడవాళ్లు సగం మంది చేపలు అమ్మడానికి ఊళ్లు పట్టిపోయారు. మిగిలింది పిల్లలు. పలకలు ఇసకలో పారేసి, మొలలోతు నీళ్లలోకి దిగి, తాళ్లు పట్టుకుని లాగుతున్నారు. అందులో అప్పుడే మా దగ్గర దెబ్బలు తిన్న చేతులు ఉన్నాయి. తడి తాడు ఆ చేతుల మీదుగా ఒరుసుకుంటూ పోతోంది. ఆయన ఒక్క క్షణం నిలబడి, బెత్తం పడేసి, పంచె తడిసిపోతుందని కూడా చూసుకోకుండా దిగి తాడు పట్టుకున్నారు. ఏం చేస్తాం, నేనూ దిగాను.

ఆ సాయంత్రం జాలారిపేట కులపెద్ద పాక ముందు కూర్చుని అడిగారు. తెప్పలు ఎప్పుడు వెళ్తాయి, ఎప్పుడు వస్తాయి, పిల్లలతో పని ఎప్పుడుంటుంది అని. కులపెద్ద నెమ్మది మనిషి. "ఎల్లడం సీకటితోటే ఎల్లిపోతాం బాబూ. రావడం గాలిని బట్టి. ఒకనాడు ఏగిరం వస్తాం, ఒకనాడు పొద్దు నడినెత్తికొస్తాది. ఎల్లిన కాడ్నుంచి వొచ్చీదాకా గుంటలకి పనుండదు. వొచ్చీసరికి ఆళ్లు ఒడ్డున ఉండాల. నేకపోతే తెప్ప ఎవులు లాగుతారు, సేపలెవులు ఏరతారు, కాకులెవులు తోల్తారు" అన్నాడు. గుంటలంటే ఆ వైపు పిల్లలు.

మర్నాటి నుంచి బడి పొద్దు పొడిచే వేళకి మొదలై, తెరచాప కనిపించేదాకా నడిచింది. తెరచాప కనిపించిందంటే పుస్తకం ఏ పేజీలో ఉన్నా మూసెయ్యడమే. పేట తల్లులకీ ఇది నచ్చింది, వాళ్ల పిల్లలు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేస్తున్నారుగా. బెత్తం మా ఆవిడ పిల్లిని తోలడానికి తీసుకుపోయింది. జాలరి పిల్లలు ఒక్కరొక్కరే కాక ఇళ్లకిళ్లు వచ్చిపడ్డారు. నేలంతా నిండిపోయి నేను గుమ్మంలో నిలబడి లెక్కలు చెప్పిన రోజులున్నాయి. "సేప గుంటల కోసం ఆగదు, గుంటలు సేప కోసం ఆగాలి. మరి నాను గుంటల కోసం ఆగితే తప్పేటోయ్" అని ఆయన నన్ను అడిగేవారు. నేనేదో తప్పని అన్నట్టు.

ఆ పిల్లల్లో పోలమ్మ అని ఒకతె. తండ్రి సముద్రంలో పోయాడు, తల్లి తట్ట మోస్తుంది. తెరచాప కనిపెట్టే పని ఆ పిల్లది, కిటికీ పక్కనే దాని చోటు. ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను సముద్రం మీద పెట్టి కూడా గదిలో అందరికన్నా ముందు చదివేసేది. మాస్టారికి ఆ పిల్ల మీద ఆశ పుట్టింది. ఐదో తరగతి పరీక్ష ప్యాసు చేయించి, విజయనగరం పంపి, పై చదువు చదివించి, తిరిగి ఇదే ఊరికి టీచరుగా తేవాలని. "ఈళ్ల భాష, ఈళ్ల ఆకలి తెలిసిన మనిసి సెప్పాలి ఈళ్లకి సదువు. మనం ఎంతైనా పైనుంచి వొచ్చినోళ్లం" అనేవారు. తల్లి మొదట నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత, దానికి మనువు మాటలు తెచ్చినవాళ్లని పొమ్మనడం మొదలుపెట్టింది.

అది యుద్ధం కాలం. ఆ రోజుల్లోనే సర్కారు వారు దేశమంతటా గడియారాలు ఒక గంట ముందుకి తిప్పించారు. నిన్నటిదాకా తొమ్మిదైనది ఆ రోజు నుంచి పది. ఊళ్లో కొత్త టైమనీ, పాత టైమనీ రెండు వచ్చిపడ్డాయి. పెళ్లి ముహూర్తం పాత టైముకి, కోర్టు వాయిదా కొత్త టైముకి. మాస్టారు గోడ గడియారం ముల్లు తిప్పి, కుర్చీ దిగి, "దొరలు ముల్లు తిప్పీగలరు. పొద్దుని తిప్పమను సూద్దాం" అన్నారు. జాలారిపేటలో ఈ సంగతి ఎవరికీ తెలియనే లేదు.

మా ఊరికి ఇన్స్పెక్టర్లు రావడం అరుదు. గెడ్డ దాటాలి, ఇసక తొక్కాలి. కాబట్టి ఇలాగే గుట్టుగా నడుపుకుందామని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పొద్దుటి బడి కాగితాల మీద లేదు. కాగితాల మీద లేని చదువుకి పోలమ్మని పరీక్షకి ఎవరూ కూర్చోనివ్వరు. "దొంగసాటుగా సెప్తే అది దొంగసదువే అవుతాది. అడుగుదాం. అడిగితే ఇవ్వడానికి ఆళ్లకి పోయేదేటుంది" అని పై ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు. సముద్రం ఒడ్డున ఉన్న బడి కాబట్టి పొద్దు పొడిచిన దగ్గర్నుంచి తెప్పలు వచ్చేదాకా నడుపుకోనివ్వండి అని. వచ్చి చూసి నిర్ణయిస్తామని జవాబు వచ్చింది. నిజం చెప్పాలంటే నేను ఆశ్చర్యపోయాను.

ఇన్స్పెక్టరు వచ్చే ముందురోజు ఆయన్ను తీసుకురావడానికి మాస్టారు బండి కట్టుకుని నరసన్నపేట వెళ్లారు. చీకటితోనే బయల్దేరి, పొద్దుటి బడి చూపించి, ఆనక తెరచాపలు రావడం, పిల్లలు లేచి పరిగెత్తడం, తాళ్లు లాగడం అంతా కళ్లారా చూపించాలని ఆయన ఎత్తు. మనిషి కళ్లతో చూస్తే మారకుండా ఎలా ఉంటాడని ఆయన నమ్మకం. తను అలాగే మారారు మరి.

తెల్లారుజామున నేను బడి తలుపు తీసి ఒడ్డు వైపు చూస్తే తెప్పలన్నీ ఇసక మీదే ఉన్నాయి. ఒక్కటీ నీళ్లలోకి దిగలేదు. ఆ ఊళ్లో అమ్మవారి పండక్కీ, జాలారిపేటలో చావుకీ తప్ప తెప్పలు ఆగవు. ఎవరు పోయారోనని పరిగెత్తాను. కులపెద్ద తలకి నూనె రాసుకుని కొత్త తువ్వాలు కట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎవులూ పోనేదు బాబూ. ఇనస్పెట్రు బాబు వస్తన్నాడు కదా. తెప్పలెల్తే గుంటలు మద్దిలో లెగిసి పారిపోతారు. మేస్టారి పరువేటౌతాది? ఆ పది గంటలకే బడి పెట్టుకోండి. అందరం అనుకున్నాం, ఇయాల ఎల్లం."

"పారిపోవాలయ్యా. అది చూపించడానికే ఆయన్ని తెస్తున్నారు" అన్నాను.

అతను జాలిగా నావైపు చూశాడు. "మీరు సదువుకున్నోలు, మీకివి తెలీవు. పెద్దోడు ఇంటికొస్తంటే ఇల్లు సర్దుకుంటాం కాదేటి. సింపులు బయటేసుకుంటామా?"

బతిమాలాను, తిట్టాను. ఉపయోగం లేదు. అప్పటికి తెప్పలు వెళ్లే గాలి కూడా దాటిపోయింది. ఆ కాలంలో చేప బాగా పడుతోంది, ఆ రోజు వేట అంటే ఎంతో. బతికున్న మనిషి గౌరవం కోసం ఆ ఊరు సముద్రాన్ని వదులుకోవడం అంతకుముందు ఎన్నడూ లేదట. అంత ప్రేమని ఎలా తిట్టాలో నాకు తెలియలేదు.

ఇన్స్పెక్టరు గారు స్నానం, పూజ, కాఫీ అయితే గాని కదలలేదు. బండి వచ్చేసరికి పది అవుతోంది. పిల్లలు తలలు దువ్వుకుని, బొట్లు పెట్టుకుని, వరసల్లో మూసలో పోసినట్టు కూర్చున్నారు. మాస్టారు బండి దిగి ముందు సముద్రం వైపు చూశారు. ఇసక మీద తెప్పలు చూశారు. నేను దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. ఆయన బండి చక్రం మీద చెయ్యి వేసి, ఆనక ఇన్స్పెక్టరు గారిని లోపలికి తీసుకెళ్లారు.

ఆ ఇన్స్పెక్టరు చెడ్డవాడైతే నా బాధ ఇంతుండేది కాదు. అతను మర్యాదస్తుడు. పిల్లల్ని ముద్దుగా పలకరించాడు. పోలమ్మని లేపి చదవమంటే అది గడగడా చదివింది. జేబులోని పెన్సిలు తీసి ఆ పిల్లకి ఇచ్చాడు. బయటికి వచ్చాక మాస్టారు చేతులు కట్టుకుని అన్నారు. "అయ్యా, ఇది రోజూ ఉండేది కాదు. మీరు వస్తున్నారని వాళ్లు ఇవాళ వేట మానుకున్నారు. తిండి మానుకున్నట్టు."

"ఒక్కరోజు వీలైంది రోజూ ఎందుకు వీలుకాదు మాస్టారూ? నెమ్మదిగా అలవాటవుతుంది. మీ మీద గౌరవం ఉంది, మీరు చెబితే వింటారు" అన్నాడు ఇన్స్పెక్టరు. మాస్టారు మళ్లీ ఏదో అనబోయారు. "చూడండి, కొండ మీద ఒక వేళ, ఒడ్డున ఒక వేళ, సంత ఊళ్లో ఒక వేళ అంటే నేను ఏ బడిని తనిఖీ చెయ్యగలను? ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోకండి. ఇంత బాగా చదివే పిల్లే పది గంటలకి వచ్చి కూర్చుందిగా. ఇంకేం కావాలి?"

ఆ పిల్ల చదువే ఆ పిల్ల మెడకి తాడైంది. ఇన్స్పెక్టరు బండి కదిలాక కులపెద్ద, వెనక పది మంది, మొహాలు వెలిగిపోతూ వచ్చారు. "ఏటి మేస్టారూ, బాగా జరిగినాదా?"

ఆయన వాళ్ల మొహాల్లోకి చూశారు. "బాగా జరిగిందయ్యా. మీ దయ" అన్నారు. నావైపు తిరిగి తల అడ్డంగా ఊపారు, చెప్పొద్దన్నట్టు. తమ మంచితనమే తమ పిల్లల్ని ముంచిందని ఆయన వాళ్లకి ఎన్నడూ చెప్పలేదు. ఇవాళ నేను రాసేస్తున్నాను. రాసినా వాళ్లు చదవలేరు, ఈ కథంతా అందుకే కదా. చదవగలిగింది ఒక్క పోలమ్మ. దాని చేతికి ఇది చిక్కదనే నా ధైర్యం.

ఉత్తర్వు వచ్చింది. అన్ని బళ్లలాగే పది నుంచి నాలుగు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మాస్టారు మళ్లీ రెండు అర్జీలు పెట్టారు, రెంటికీ ఒకటే జవాబు. సరే, ఊరికే పొద్దున కూడా చెబుదామని జాలరి పిల్లల్ని విడిగా పిలిచారు. వేళ కాని వేళ ప్రైవేటు చెప్పడం నిషిద్ధమని హెచ్చరిక వచ్చింది, పేటలో ఏ పుణ్యాత్ముడు పైకి రాశాడో. ఆయనకి ఇల్లుంది, ఆడపిల్లలున్నారు. మానేశారు. పదింటికి గంట కొట్టసాగారు. కులపెద్ద మాట మీద కొన్నాళ్లు పిల్లలు వచ్చారు. తెరచాప కనిపిస్తే ఒళ్లు బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. ఒడ్డు నుంచి తల్లుల కేకలు గదిలోకి వినిపించేవి. అది వింటూ పాఠం చెప్పడం ఎలా ఉంటుందో చెప్పినవాడికే తెలుస్తుంది. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. రూలు ప్రకారం పేర్లు కొట్టేశాం. గదిలో పేట పిల్లలు మిగిలారు, వాళ్లకి బోలెడు చోటు మిగిలింది.

పోలమ్మ హాజరు చాలక పరీక్షకి పనికిరాదన్నారు. మాస్టారు ఆ పిల్లని తీసుకుని శ్రీకాకుళం ఆఫీసుకి వెళ్లారు, ఒంట్లో బాగులేక నన్నూ రమ్మన్నారు. పొద్దుటి నుంచి వరండాలో కూర్చున్నాం. చివరికి ఒక గుమాస్తా, పాపం పెద్దమనిషే, మంచినీళ్లు ఇప్పించి నెమ్మదిగా చెప్పాడు. "ఒకరి కోసం మారితే అది రూలెలా అవుతుందండీ?" అని. మాస్టారు ఆ పిల్ల చేత అక్కడే చదివించబోయారు. పోలమ్మే ఆయన తువ్వాలు కొస పట్టుకుని లాగింది. "ఎల్లిపోదాం మేస్టారూ. ఎండెక్కిపోతంది. మీకసలే బాగునేదు" అంది. బండి గెడ్డ దాటుతుంటే ఆయన ఒక్క మాటన్నారు. "కొట్టు గద్దె మీంచి తప్పించుకొచ్చాననుకున్నాను. ఇదీ గద్దేనోయ్. ఈసారి దీని మీద కూకుని నానే గుంటల్ని బయటికి పంపీస్తన్నాను."

యుద్ధం అయ్యాక గడియారాలు మళ్లీ వెనక్కి తిప్పారు. అంటే గడియారం మారుతుందన్నమాట, రెండుసార్లు మారింది, పైవాళ్లకి కావాలంటే. నాకు రాజాం పక్కకి బదిలీ అయింది. ఆయన రిటైరయ్యేదాకా ఆ బడిలోనే పదింటికి గంట కొట్టారు. రిటైరయ్యాక ఆ ఊళ్లోనే ఉండిపోయారు. కిందటేడు వెళ్లి చూశాను. మాటలు తగ్గిపోయాయి. ఒడ్డు వైపు వెళ్లడం మానేశారని ఆయన భార్య చెప్పింది. "ఏటోయ్, మీ బళ్లో ఎన్నింటికి" అని నన్నడిగారు. "పదికే" అన్నాను. "ఊఁ" అన్నారు. ఆ తర్వాత మా ఇద్దరికీ మామిడికాయల గురించి తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు.

సంతాపసభకి కబురొస్తే వెళ్లాను. బడిలోనే, పదింటికి. కొత్త హెడ్మాస్టరు, పేట పెద్దలు, శ్రీకాకుళం నుంచి ఒక అధికారి. గోడకి మాస్టారి ఫోటో, దానికి దండ. సమయపాలనకి ఆయన పెట్టింది పేరని అధికారి అన్నాడు. ఆయన్ను చూసి గడియారం సరిచేసుకునేవాళ్లమని ఇంకొకాయన అన్నాడు. క్రమశిక్షణ, క్రమశిక్షణ అని నలుగురు నాలుగుసార్లు అన్నారు. ఆయన మీద ఎక్కించిన బరువునే ఆయన ఒంటి నగలాగా వర్ణిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడతానని లేచాను. సమయం మించిపోయింది, క్షమించండి అన్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆయన గౌరవార్థం ఆ రోజుకి సెలవిచ్చి, తలుపులకి తాళం వేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నేను చెప్పదలచింది అక్కడ చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ చెప్పాను.

ఎండ తగ్గాక బయల్దేరదామని బడి అరుగు మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఒడ్డు నుంచి జనం వచ్చారు. ముందు కులపెద్ద, బాగా వంగిపోయాడు, కర్ర సాయం. వెనక మగవాళ్లు, ఆడవాళ్లు. చేతులు కడుక్కుని వచ్చినా మోచేతుల మీద చేప పొలుసులు అక్కడక్కడా అంటుకునే ఉన్నాయి.

"అయిపోనాదా బాబూ?" అన్నాడు కులపెద్ద తాళం చూసి. "తెప్పలు ఇప్పుడే వొచ్చినాయి."

అయిపోయిందన్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఆ మనిషి ఎటు వెళ్లాడో నాకు తెలియదు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి, ఫోటో చూసే వీలు కూడా లేదు. వాళ్లలోంచి ఒక మనిషి ముందుకి వచ్చింది. పోలమ్మ. చంకలో ఆడపిల్ల, చేతిలో కొబ్బరికాయ. తాళం వేసిన తలుపుకి దండం పెట్టి, గుమ్మం రాతి మీద కొట్టింది. చిప్పలు రెండూ అక్కడే పెట్టింది.

"సిన్న మేస్టారూ, బాగున్నారా" అంది. బాగున్నానన్నాను. చంకలో పిల్లని చూపించి అడిగింది. "సొరాజ్జెం వొచ్చీసినాది కదా బాబూ. ఇది బడికెల్లే ఈడొచ్చేటప్పటికైనా ఆ పది గంటలు మారతాదేటి? మీరు మేస్టారు కదా, మీకు తెలుస్తాది."

మా బళ్లో ఇప్పటికీ పదికేనమ్మా అన్నాను. ఆమె పిల్లని మరో చంకలోకి మార్చుకుంది. వాళ్లంతా వచ్చిన దారినే ఒడ్డు వైపు నడిచారు. గుమ్మం రాతి మీద ఒలికిన కొబ్బరినీళ్లు సన్నగా పాకుతూ, మూసిన తలుపు కింద సందులోంచి లోపలికి పోతున్నాయి.